పెద్దచెరువు సభకెళ్ళిన తాబేలు

రేగడికుంటలో కప్పలకూ చేపలకూ ఒక తాబేలు పెద్దదిక్కుగా ఉండేది. ఎండాకాలం వస్తే తన కాళ్ళతోనే పూడిక తవ్వి ఊట తీసేది. అది చూసే అందరూ కలిసి దాన్ని తమ తరఫున పెద్దచెరువు సభకు పంపారు.

"చెరువు నుంచి మనకొచ్చే కాలువ పూడిపోతోంది. ఆ సంగతి అడుగు బావా," అంది ముసలికప్ప.

పెద్దచెరువులో మొసలి మాటే చెల్లేది. "ముందు మాతో కలిసి చెయ్యెత్తు. నీ కాలువ సంగతి తర్వాత చూద్దాం," అంది మొసలి. ఇదంతా కుంట కోసమేనని మనసుకు నచ్చజెప్పుకుని తాబేలు ప్రతి తీర్మానానికీ చెయ్యెత్తింది.

నాలుగో ఏడు చెరువులో నీరు తగ్గింది. కుంటకు పోయే కాలువకు అడ్డుకట్ట వెయ్యాలని మొసలి తీర్మానం పెట్టింది. తాబేలు తలెత్తి చూసింది. చుట్టూ అన్ని చేతులూ లేచాయి. దాని చెయ్యీ లేచింది.

ఆ వేసవిలో తాబేలు కుంటకు వెళ్ళేసరికి, నెర్రెలిచ్చిన మట్టిలో ముసలికప్ప ఒక్కటే మిగిలి ఉంది.

"నువ్వెంత అడ్డుపడి ఉంటావో నాకు తెలుసులే బావా. ఒక్కడివి ఏం చేస్తావు?" అని ఓదార్చింది కప్ప.

నిజం చెప్పడానికి తాబేలుకు నోరు రాలేదు. కప్ప పక్కనే ఉండిపోదామనుకుంది. కానీ గొంతు తడుపుకోవడానికి అక్కడ చుక్క నీరు లేదు. పొద్దు వాలకముందే మళ్ళీ పెద్దచెరువు దారి పట్టింది.