ఇద్దరు కూతుళ్ల తండ్రి

రెండు సీరియళ్లలోనూ గోడ మీద చనిపోయిన తండ్రి ఫొటో ఒకటేనని ప్రేక్షకులు కనిపెట్టేశారు. అంటే ఆ హీరోయిన్లిద్దరూ అక్కచెల్లెళ్లేనని వాళ్లే తేల్చేశారు. ఛానల్‌కి ఇంకేం కావాలి? రెండు కథలనూ కలిపేస్తూ మహాసంగమం ప్రకటించింది.

రెండు సెట్లకూ సామాను సర్దే ప్రాపర్టీ ఆయన భుజం తట్టాడు దర్శకుడు. "రెండు చోట్లా ఒకే ఫొటో తగిలించావా! నీ బద్ధకం కూడా కలిసొచ్చిందయ్యా. ఇంతకీ ఎవరాయన?"

"పాత సామాన్లలో దొరికింది సార్."

"సరే, తీసెయ్. ఫ్లాష్‌బ్యాక్‌లో తండ్రిగా పెద్ద నటుడు వేస్తున్నాడు. రేపట్నుంచి ఆయన ఫొటోనే."

ప్రాపర్టీ ఆయన స్టూలెక్కి ఫొటో దించాడు. కింద కూర్చుని ఫోన్ చూసుకుంటున్న హీరోయిన్ తలెత్తలేదు.

సాయంత్రం గదికొచ్చి, తనొక్కడికే వండుకుని, కంచం ముందు పెట్టుకుని టీవీ పెట్టాడు. ముందే షూటింగ్ అయిపోయిన ఎపిసోడ్ వస్తోంది. గోడ మీద ఇంకా ఆ పాత ఫొటోయే ఉంది. ముప్పయ్యేళ్ల వయసులో పెళ్లిచూపులకని తను తీయించుకున్నది. ఏ సంబంధమూ కుదరక, పెట్టె అడుగున పడి ఉన్నది.

దాని ముందు నిలబడి ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

"నువ్వుంటే ఇంటికి రాగానే తిన్నావా అని అడిగేవాడివి నాన్నా!"

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"తిన్నావా, తల్లీ?" అన్నాడు, రోజూ అడిగినట్టే.