ఆఖరి పేజీలు

"ఏంటిది?"

వ్యాకరణ పుస్తకం మధ్యలో కౌముది దాచుకున్న డిటెక్టివ్ నవలను భాస్కరం మాస్టారు రెండు వేళ్లతో, చచ్చిన ఎలకను ఎత్తినట్టు పైకెత్తారు. అట్ట మీద పిస్తోలు పట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఉంది.

"నవలండి," అంది కౌముది. నాగపూర్ పిల్ల. రాజమండ్రిలో బ్యాంకు ఆఫీసరుగా కొత్తగా చేరింది. వచ్చే నెల తెలుగు పరీక్ష గట్టెక్కకపోతే ఉద్యోగం పర్మినెంటు కాదు. అందుకే రోజూ సాయంత్రం ఈ రిటైర్డ్ తెలుగు మాస్టారింటికి వస్తోంది.

"ఇది నవలా! పకోడీలు కట్టడానిక్కూడా పనికిరాదు. రాసినవాడికి అక్షరం ముక్క వచ్చా? సిగ్గుందా? సీతా, చూశావుటే, మనింట్లోకి ఏం దిగబడిందో!"

ఆయన భార్య సీతారామలక్ష్మి గారు కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి, ఆ అట్ట కేసి చూశారు.

"సంధులు అప్పచెప్పు," అన్నారు మాస్టారు.

కౌముది మొదటి సంధి దగ్గరే తడబడింది.

"ఇంకేం! చెత్త చదివితే బుర్రలో చేరేది చెత్తే. పరీక్ష నీవల్ల కాదు. పెట్టే బేడా సర్దుకుని మీ ఊరెళ్లిపో."

కౌముదికి ఉక్రోషం వచ్చింది. "అంత వెటకారం ఎందుకండీ? మీ సంధులు చదువుతుంటే నిద్ర ముంచుకొస్తోంది. ఇది పట్టుకుంటే అన్నం సంగతే గుర్తుండట్లేదు. తెలీని మాట అడ్డొచ్చినా ఆగబుద్ధి కాదు, తర్వాతేమైందో తెలియాలి కదా! మొన్న రావులపాలెం అరటి వ్యాపారి ఒకాయనతో లోను గురించి గడగడా మాట్లాడేశానండి. అదంతా ఈ చెత్త చలవే!"

మాస్టారు ఆ మాటల్లో తప్పు కోసం వెతికారు. ఒక్కటీ దొరకలేదు. దాంతో ఇంకా మండింది.

"బజారు భాష!" అంటూ నవల ఆఖరి పేజీలు పరపరా చింపి, కిటికీలోంచి మురుగు కాలవలోకి విసిరేశారు. శాలువా భుజాన వేసుకుని, మాతృభాషా పరిరక్షణ సభకి అధ్యక్షత వహించడానికి స్కూటరెక్కారు.

మిగిలిన పుస్తకం ఒళ్లో పెట్టుకుని కౌముది కళ్లు తుడుచుకుంది. సీతారామలక్ష్మి గారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఎందాకా చదివావమ్మా?"

"ప్లీడరు గారి శవం దొరికిందాకా ఆంటీ. చంపిందెవరో నాకింక తెలీదు."

"గుమస్తా," అన్నారావిడ, కాఫీ అందిస్తూ.

"అయ్యో, మీరూ చదివారా!"

స్కూటరు చప్పుడు సందు దాటేదాకా ఆగి, ఆవిడ గొంతు తగ్గించారు.

"అసలు చచ్చేది తెలుగు మాస్టారనే రాశానమ్మా. పసుపుకుంకాలు గుర్తొచ్చి, ప్లీడరుగా మార్చేశాను."