మూడు పొరల పలక

“విప్పు. నా కళ్ళ ముందరే విప్పు,” అంది భాగీరథమ్మ. “తప్పు నీదని తేలిందో, నా కొడుకు మీద ఒట్టు, ఇంక ఈ జన్మలో నీ మొగం చూడను.”

పోయిన కొడుకు మీద ఒట్టేమిటని దేవరాజ్ అడగలేదు. ఉలి అందుకున్నాడు.

జిగణిలోని ఆ షెడ్డులో పడవ బోర్లించి ఉంది. చెరువులో గుర్రపుడెక్క తీసే పడవ. నెల కిందట నడిచెరువులో దాని వెనకపలక, అదే మోటారు బిగించే పలక, ఫెళ్ళున విరిగింది. మోటారు మునిగింది, వెనక నుంచి నీళ్ళు ఎక్కాయి. నడుపుతున్న వాళ్ళ కొడుకు చందు ఆ డెక్కలో చిక్కుకుని మళ్ళీ పైకి రాలేదు. ఆ పలక చేసింది చందు నాన్న దేవరాజే. మూడు ప్లైవుడ్ ముక్కలు, మధ్య మధ్యలో జిగురు. కొత్త పలకకు పడవ ఓనరు ఇంకో వడ్రంగిని పిలుస్తానంటే, పాతది తానే విప్పాలని దేవరాజ్ పట్టుబట్టాడు.

“ఊళ్ళో ఏమంటా ఉండారో తెలుసా? తండ్రి చేసిన పలకే కొడుకును మింగిందంట.”

“అననీలే.”

“అననీయాలా? నీదేం గుండెప్పా, రాయి! ప్లైవుడ్ నాసిరకం తెచ్చినావా?”

“లేదు. మంచిదే తెచ్చినా.”

“మరి జిగురు?”

“కొలిచే కలిపినా భాగీ. చందుగాడు ఎక్కే పడవ. దాంట్లో కక్కుర్తి పడతానా?”

నెల రోజులుగా ఆ మనిషికి తిండి లేదు, నిద్ర లేదు. తన చేతుల్నే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

ఉలి దిగింది. మొదటి పొర మొండికేసి, పీచులు పీచులుగా లేచింది. జిగురు అంత గట్టిగా పట్టింది. రెండో పొర కూడా సగం దాకా అంతే. ఆ తర్వాత ఒక్కసారిగా ఊడి చేతికొచ్చింది.

మధ్యలో అరచేయంత మేర జిగురు అసలు పట్టనే లేదు. అక్కడ నీళ్ళు చేరి చుట్టూ చెక్క నల్లగా కుళ్ళింది. దేవరాజ్ వేలితో రాసి చూశాడు. జిడ్డు. నూనె! నూనె తగిలిన చెక్కకు జిగురు పట్టదని ఏ వడ్రంగినడిగినా చెబుతాడు. అతికించే ముందు ఎవరో నూనె చేత్తో ముట్టుకున్నారు. తన తప్పు కాదు. దేవుడా, తన తప్పు కాదు! నెల తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకుని, భార్యకు చెప్పబోయాడు.

ఆమె అప్పటికే పలక మీదికి వంగింది.

“అయ్యో, నేను పెట్టిన బొట్టు! ఇంకా ఉండాది చూడు. నువ్వు ఒక ముక్కకు జిగురు పూస్తా ఉంటే, ఇంకోదానికి నేను పెట్టినా. నూనెలో కుంకుమ కలిపి, ఇంత పెద్దది. చూస్తే తిడతావని చెప్పలా. పిల్లోనికి ఏమీ కాకూడదని...”

ఆ ఎర్రటి మరకను తడిమి, వేళ్ళు కళ్ళకద్దుకుంది. కాసేపు ఏడ్చింది. తర్వాత తల ఎత్తి మొగుడి వైపు చూసింది.

“చెప్పు. ఎవరి తప్పు?”

“నాదే,” అన్నాడు దేవరాజ్.