బియ్యపుగింజంత పువ్వు

తేనెటీగలు అంతరించి ఇరవై ఏళ్లయింది. మన్యంలో కాఫీ పూలకైనా, గుమ్మడి పూలకైనా ఎగిరే యంత్రాలే పుప్పొడి అద్దుతున్నాయి. పొద్దున్నే వాటిని తడిగుడ్డతో తుడిచి తోటలోకి వదలడం పాంగి బుద్రి పని.

తోటలో ఒక నేరేడు కొమ్మను కరుచుకుని చిన్న అడవి ఆర్కిడ్ బతుకుతోంది. దాని పూలు బియ్యపుగింజంత. యంత్రాలకు అవి అందవు. ఆ జాతిలో ఆ కొండ మీద మిగిలిన మొక్క అదొక్కటే. యంత్రాలకు అడ్డొస్తోందని ఆ కొమ్మ కొట్టించబోయాడు మేనేజరు త్రినాథరావు.

"కాయ కాసేవరకూ ఒగ్గేయండి బాబూ" అంది బుద్రి.

"ఈగల్లేకుండా కాయెలా కాస్తాది?"

"నాను కాయిస్తాను."

నిచ్చెనెక్కి, గడ్డిపరకతో ఒక పువ్వులోని పసుపు ముద్ద తీసి ఇంకో పువ్వుకు అంటించింది. గడ్డిపరక గట్టిగా తగిలి రెండు రోజులు పూలు రాలిపోయాయి. మూడో రోజు ఒకటి నిలిచింది. కాయ ముదిరే నాలుగు నెలలూ, కొమ్మ కొట్టడానికి వచ్చినవాళ్లను వచ్చినట్టే వెనక్కి పంపింది.

కాయలో విత్తనాలు పిండిలా ఉన్నాయి. తల్లిమొక్క వేళ్ల దగ్గరుండే బూజు తోడు లేనిదే అవి మొలకెత్తవు. అందుకని ఆ వేళ్లు అంటుకున్న నేరేడు బెరడును నానబెట్టి, ఆ నీళ్లలో విత్తనాలు కలిపి, కాఫీకి నీడనిచ్చే ప్రతి చెట్టుకూ పూసింది. కాయ చేతికొచ్చింది కనక ఆమె ఇక అడ్డుపడలేదు; మర్నాడే నేరేడు కొమ్మ నేలకూలింది. బుద్రి ఆ పూట అన్నం తినలేదు.

మూడో వానాకాలంలో చెట్ల మీద పచ్చటి చుక్కల్లా ఆర్కిడ్ మొలకలు కనిపించాయి.

"ఇవీ పెరిగితే అడ్డమే కదా?" అన్నాడు త్రినాథరావు.

"అయితే నీడచెట్లన్నీ కొట్టాల బాబూ. అప్పుడు కాఫీ ఉంటాదా?"

ఆయన యంత్రాల దారి మార్చమని ఫోన్ చేశాడు.