రామ్మా, సంతోషం

ఫోన్‌లో కూతురు అంజలి ఏడుస్తోంది. మూడో కాన్పులోనూ ఆడపిల్లే.

"ఇంటికి తేవద్దంటాండాడమ్మా ఆయన. ఎవురో పిల్లల్లేనోళ్లు వచ్చినారు. ఇచ్చేస్తాడంట. నువ్వొచ్చి నా పక్కన నిలబడు. శుక్రవారం దాకా ఆపుతా."

"నేనొస్తే ఈడ పని పోతాది," అంది చాలమ్మ.

ఒమాన్ దేశంలోని ఖురియాత్‌లో ఒక ఇటలీ ముసలామెకు సేవ చేయడం ఆమె పని. అక్కడే నర్సుగా చేసి, అక్కడే మంచాన పడిన మనిషి. పేరు బెన్వెనూతా. కాస్త హిందీ వచ్చు.

సంగతంతా విని, "పాపకేం పేరు?" అని అడిగింది ముసలామె.

"పేరేంది మేడమ్. నాకు పెట్టినట్టే, చాలమ్మ. ఆడపిల్లలు ఇంక చాలని."

ముసలామె మంచం మీదే ఆమె వైపు తిరిగింది.

"నా పేరంటే 'రామ్మా, సంతోషం' అని. ఎనిమిది వందల ఏళ్ల కిందట మా దేశంలో ఒకాయనకు ఏడోసారీ ఆడపిల్లే పుట్టిందట. చెప్పడానికి మంత్రసాని భయపడింది. ఆయన మాత్రం నవ్వి ఈ పేరు పెట్టాడు."

'ఆస్తిపరుడై ఉంటాడు. ఈమె కూడా అలాంటి ఇంట్లోనే పుట్టి ఉంటుంది' అనుకుంది చాలమ్మ. కడుపు నిండినవాళ్ల కబుర్లు.

"నువ్వు ఇంటికి వెళ్లు," అంది ముసలామె.

పనిలోంచి తీసేస్తోందనుకుంది చాలమ్మ. ఏం తప్పు చేసిందని?

"పోను మేడమ్. మీ కాళ్లు పట్టుకుంటా."

బుధవారం మున్నీ అనే ఆమె సంచీతో వచ్చింది, మేడమ్ పిలిపించిందని.

"ఈడేం పని లేదు, పో," అని గేటు మూసేసింది చాలమ్మ.

ఆ సాయంత్రమే ముసలామెకు మాట పడిపోయింది. తలగడ వైపు చెయ్యి చూపిస్తూనే ఉంది. చాలమ్మ తలగడ సర్దింది.

శుక్రవారం ముసలామె చనిపోయింది. ఆ రోజే ఊళ్లో పాపనూ ఇచ్చేశారు.

పక్క దులుపుతుంటే తలగడ కింద కవరు దొరికింది. చదవడం రాని చాలమ్మ దాన్ని డ్రైవర్ వజీర్‌కిచ్చింది. అతనిదీ చాలమ్మలాగే కడపే.

"నేను తెచ్చిచ్చిన టికెట్టే అక్కా. నీ చేతికి తనే ఇస్తానన్యాది. గురువారం పోయేదానికి, నెలకు తిరిగొచ్చేదానికి. ఆ మున్నీని పిలిపించింది ఆ నెలకే."

చాలమ్మ కవరు తిరిగి తీసుకుని రెండు చేతులా పట్టుకుంది.

"పెద్దింటి బిడ్డ. నా మనవరాలు ఏమైపోతే ఆమెకేంది, ఇదంతా ఎందుకు చేసినాది వజీరూ?"

"పెద్దిల్లా? ఆడపిల్ల అని మేడమ్‌ను పుట్టిన రోజే చర్చి మెట్ల మీద పెట్టి పోయినారంట అక్కా. ఎత్తుకొని ఆ పేరు పెట్టి సాకింది, ఆ చర్చిలో కసువు ఊడ్చే ఆమె."