గంగాధర్ వల

తమ్ముడూ, మన మల్లి మొగుడింటికి వెళ్ళిపోయిందిరా! నా చూపు సంగతి తెలుసుగా, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

ఆదివారం పెద్దల్లో కూర్చోబెట్టి ఇద్దర్నీ విడదీసేద్దామనుకున్నాం కదా. ఆరు నెలలుగా మా ఇంట్లో కూర్చుని, పిలిస్తేనే వెళ్తానని ఇది. పోయింది తనే, తనే రావాలని అల్లుడు గంగాధర్. వారం వారం చిరిగిన వల తెచ్చి మా అరుగు మీద పడేసి, దీని మొహం చూడకుండా, "మామా, కాస్త బాగు చేసిపెట్టు" అని పోయేవాడు. నాకు చూపు ఆనదని వాడికి తెలీదా? మల్లే తిట్టుకుంటూ కట్టేది.

ఇవాళ వాడు తెచ్చిన వల తడిమి చూశాను. రాయి తగిలి చిరిగితే దారం పీచు లేస్తుంది. ఇది నున్నగా తెగింది. కత్తి కోతలురా!

"అన్నం పెట్టే వలని కోస్తావా? చేపల వేటకెళ్ళేవాడివేనా నువ్వు?" అని కేకలేశాను.

మల్లి నా మీద కస్సుమంది. "ఊరుకో నాన్నా. నాకు మొదటి వారమే తెలుసు."

అప్పుడు వాడు, ఆరు నెలల తర్వాత మొదటిసారి, దీంతో మాట్లాడాడు. "ప్రతిసారీ వలలో ఒక కన్ను కట్టకుండా వదిలేసేదానివి. మళ్ళీ తెమ్మనేగా?"

ఇది ఏడుస్తూనే వల భుజానేసుకుని వాడికంటే ముందు నడిచింది.

విడదీద్దామని ముందు నోరుజారింది నేనే కదా, సిగ్గేసి ఎవరికీ ఫోన్ చెయ్యలేకపోతున్నాను. ఆదివారం రావద్దని నువ్వే చెప్పు: ఉయ్యూరు బావకి, వన్ టౌన్ మేనల్లుడికి, వాడి మావగారికి. అందరికంటే ముందు కొండపల్లి అక్కకి. విడదీయొద్దన్నది ఆవిడొక్కతే.