లచ్చికి తమ్ముడు లేడు

కంప్లిలో చింతచెట్టు దగ్గర బస్సు హారన్ కొడుతోంది. బళ్ళారి అచ్చాఫీసు నుంచి వచ్చిన ఉచ్చెంగెప్ప కథ కోసం చేయి చాచాడు.

"బేగ ఇయ్యప్పా. ఈ కథ అందకుంటే నీ పుస్తకమే ఆగిపోతాది."

పిల్లలకు వినిపించకుండా కోదండరామి తాను రాసిన ఏ కథా అచ్చుకివ్వడు. నిలబడే గబగబా చదివేశాడు. కథలో లచ్చి ఏరు ఈదింది, చెట్టెక్కి పులిని ఏడిపించింది. చుట్టూ చేరిన పిల్లలంతా నవ్వారు. తమ్ముణ్ణి చంకనెత్తుకున్న చిన్నపిల్ల పక్కీరమ్మ మాత్రం నవ్వలేదు.

"ఏమ్మే, బాగలేదా?"

"తమ్ముణ్ణి ఎవురికిచ్చి చెట్టెక్కింది?"

"లచ్చికి తమ్ముడు లేడు."

"వాళ్ళమ్మ నాట్లకు పోతే ఇంట్లో ఎవురో ఒకరు చంటోడు ఉంటాడు కదా. మా యీదిలో చంటోణ్ణి ఎత్తుకోకుండా ఉండే పిల్ల యాడుండాది?"

కోదండరామికి కోపమొచ్చింది. ఆ పిల్ల తమ్ముణ్ణి పైకెగదోసుకుని వెళ్ళబోయింది. ఆ కోపం తన మీదేనని అతనికి అప్పుడు తెలిసింది.

"బస్సు పోనీలే ఉచ్చెంగెప్పా."

"నీకేమన్నా పిచ్చా?"

కోదండరామి కాగితాలు జేబులో కుక్కి, పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు. వాడు గుక్కపట్టాడు.

"నువ్వు చెప్పు పాపా. లచ్చి ఇప్పుడేం చేస్తాది?"

పక్కీరమ్మ ఖాళీ అయిన చేతులు ఒకసారి చూసుకుని చింతచెట్టు ఎక్కడానికి పరిగెత్తింది.